లిబెల్ఫ్ గారి తండ్రి పేరు

గాలి వచ్చి వెళ్లిపోయాక, గాలి వస్తోంది జాగ్రత్త అని కబురు పెట్టే సంస్థ ఒకటి విశాఖపట్నంలో ఉండేది. దాని పేరు తీర సత్వర సమాచార సంస్థ. సముద్రం మీద ఈదురుగాలి లేస్తుందని వాతావరణ కేంద్రం చెప్పగానే, వేటలో ఉన్న అరవై ఒక్క వేల మంది మత్స్యకారుల సెల్‌ఫోన్లకు మెసేజ్ పంపడం దానికున్న ఒకే ఒక్క పని. ఆ ఒక్క పనికీ అయిదంతస్తుల భవనం, మూడు కార్లు, ఒక మహాసంచాలకుడు, అద్దాల గదిలో ఒక పెద్ద సర్వరు ఉన్నాయి. ఒకరికి ముందు, ఒకరికి వెనుక వెళితే సమానత్వం దెబ్బతింటుందని, అరవై ఒక్క వేల మెసేజులూ సిద్ధమయ్యాక అన్నిటినీ ఒకేసారి వదిలేవారు. అందుకు నలభై ఏడు నిమిషాలు పట్టేది. ఈదురుగాలికి అంత ఓపిక ఉండదు.

చోడిపల్లి నూకరత్నం ఆ సంస్థలో కాంట్రాక్టు ఇంజనీరు. సర్వరు గది బాగోగులు చూసేది ఆమె ఒక్కతే. వాళ్లది వేట మీద బతికే కుటుంబం. ఆమె అన్న దానయ్య పూడిమడక రేవు నుంచి పడవ వేసుకుని రోజూ సముద్రం మీదకు వెళతాడు. ఆషాఢంలో ఒకనాడు అతను ఫోన్ చేశాడు.

"సెల్లీ, మీ ఆఫీసు మెసేజొచ్చిందే."

"ఎప్పుడొచ్చింది అన్నియ్యా?"

"ముందు గాలొచ్చింది. పడవ తిరగబడిపోనాది. నానూ ఎర్రయ్యా డబ్బా పట్టుకొని ఈదుకుంటా ఒడ్డుకొచ్చీసినాం. గుడ్డలు పిండుకుంటంటే ఒడ్డు మీదున్న మావ సెల్లు మోగింది. 'వేటకు వెళ్లవద్దు' అని ఉందంట. మంచి మాటే. కానీ కాస్త బేగి సెప్పాలి గదేటి?"

అన్న నవ్వుతూనే చెప్పాడు. నూకరత్నానికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. డబ్బా చేతికి దొరక్కపోయి ఉంటే అన్న గొంతు కాకుండా ఇంకెవరి గొంతో వినాల్సి వచ్చేది.

ఆలస్యం సంగతి రాసి పైకి పంపింది. మహాసంచాలకులు బులుసు ఉమాకాంతం గారు తక్షణమే స్పందించి ఒక సంఘం వేశారు. సంఘం మూడు వారాలు పరిశీలించింది. గత ఏడాది పంపిన ప్రతి మెసేజూ కచ్చితంగా నలభై ఏడు నిమిషాలకే చేరిందనీ, ఒక్క నిమిషమైనా అటూ ఇటూ కాలేదనీ, ఇంతటి క్రమశిక్షణ మరే సంస్థలోనూ కనబడదనీ తేల్చింది. ఆ రోజు నుంచి నలభై ఏడు నిమిషాలు సంస్థకు నిర్ణీత ప్రమాణ కాలం అయింది. లాబీలో ఫలకం కూడా పెట్టించారు.

నూకరత్నం ఊరుకోలేదు. వెళ్లి ఉమాకాంతం గారినే అడిగింది.

"కారణం అన్వేషించడానికి సంస్థకు ఎలాంటి అభ్యంతరమూ లేదమ్మా," అన్నారాయన చేతులు రెండూ బల్లమీద పరిచి. "అన్వేషణ శాస్త్రీయ దృక్పథానికి మూలస్తంభం. అయితే కారణం దొరికిన పక్షంలో దాన్ని సరిచేసే విషయమై తొందరపడరాదు."

కారణం కనుక్కోవాలంటే సర్వరు కడుపులోకి తొంగిచూడాలి. సర్వరులో అన్నిటికంటే అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాము ఎప్పుడు ఏ పని చేయాలో చెప్పే ఇంటి పెద్ద అది. ఆ పెద్ద పక్కనే కూర్చుని, ఎవరు ఏ పనికి ఎంతసేపు తీసుకుంటున్నారో చూసి చెప్పే పరికరం ఒకటుంది. దాన్ని పెర్ఫ్ అంటారు. లోకంలో అందరికీ అది తయారుగా దొరుకుతుంది. ఈ సంస్థకు దొరకదు. మెషిన్ ఆన్ చేయగానే సంస్థ చిహ్నం గిరగిరా తిరుగుతూ కనబడాలని ఉమాకాంతం గారు ముచ్చటపడి కెర్నెల్‌నే మార్పించారు. మారిన కెర్నెల్‌కు బయటి పెర్ఫ్ సరిపడదు కనుక సొంతంగా తయారు చేసుకోవాల్సిందే.

నూకరత్నం తయారీ మొదలుపెట్టింది. రెండు నిమిషాలకే ఆగిపోయింది. లిబెల్ఫ్ దొరకలేదు అని తెర మీద వచ్చింది. లిబెల్ఫ్ అంటే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ మూట. అది పక్కన లేనిదే పెర్ఫ్ తయారుకాదు. ఆవకాయ పెడదామని కాయలన్నీ కొట్టి కూర్చున్నాక ఇంట్లో ఆవపిండి లేదని తెలిసినట్టయింది. వెతికితే ఆవపిండి ఒక్కటే కాదు, ఉప్పూ కారం నూనె కూడా లేవు. లిబెల్ఫ్‌కు తోడు ట్రేస్ ఈవెంట్ అనే మూటా, ఇంకా అయిదూ, మొత్తం ఏడు కావాలి. అన్నీ ఉచితమే, ప్రపంచమంతా వాడేవే. ఇంట్లో కూర్చుంటే పది నిమిషాల పని. కానీ సర్వరు గదికి ఇంటర్నెట్ లేదు. గుండుసూది లోపలికి రావాలన్నా పరిపాలన విభాగం అనుమతించాలి.

పరిపాలన విభాగం అంటే సూపరింటెండెంటు సీపాన అప్పలసూరి గారు. ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసులో ఆయన చేతి మీదుగా నిబంధనకు విరుద్ధంగా ఒక్క కాగితం కూడా వెళ్లలేదు. చాలా కాగితాలు అసలు వెళ్లనే లేదు.

"ఏటమ్మా, ఇవి లోపలికొచ్చి ఎన్నాళ్లుంటాయి?" అని అడిగారాయన.

"ఉండిపోతాయి సార్. పని చేస్తూనే ఉంటాయి."

"పని చేస్తాయా? మరి జీతం?"

"ఏమీ ఉండదు సార్."

అప్పలసూరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బయటి నుంచి వచ్చి, లోపలుండి, జీతం లేకుండా పనిచేసేవాళ్లకి మన దగ్గర ఒకటే ప్రొఫార్మా ఉందమ్మా. గౌరవ కాంట్రాక్టు సిబ్బంది. ఫారం పదకొండు. ఒక్కోదానికీ మూడు ప్రతులు."

"అవి మనుషులు కాదు సార్."

"మనుషులని ఫారంలో ఎక్కడుందమ్మా? అభ్యర్థి అని ఉంది."

నూకరత్నం కూర్చుని ఇరవై ఒక్క ఫారాలు నింపింది. మర్నాటికే తిరిగొచ్చాయి. లిబెల్ఫ్ ఫారంలో తండ్రి పేరు దగ్గర ఆమె 'అనేకులు' అని రాసింది. పాపం, నిజమే రాసింది, ఆ మూటను ఏళ్ల తరబడి ఎందరో కలిసి రాశారు. అప్పలసూరి గారు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు.

"ఇలా రాస్తే ఆ పిల్లాడికి మర్యాదగా ఉంటుందా అమ్మా? రేపు ఏ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలన్నా ఇబ్బందే. ఒకాయన పేరు తండ్రిగా రాసి, మిగతావాళ్లని బాబాయిలుగా చూపించు."

బాబాయిలు నలభై మంది తేలారు. అనుబంధ పత్రం జతచేసింది.

తర్వాత స్వస్థలం. ఇంటర్నెట్ అని రాస్తే, ఆ పేరుతో ఏ మండలంలోనూ రెవెన్యూ గ్రామం లేదని తిరిగొచ్చింది. తర్వాత పుట్టుమచ్చలు రెండు. తర్వాత ఇంతకుముందు పనిచేసిన చోటి నుంచి రిలీవింగ్ ఆర్డరు. అవి ఇప్పటికీ లక్షల చోట్ల పనిచేస్తూనే ఉన్నాయని నూకరత్నం చెప్పడం పెద్ద పొరపాటైపోయింది. ఒక ఉద్యోగి ఏకకాలంలో రెండుచోట్ల పనిచేయడమే నేరమైతే లక్షల చోట్ల పనిచేయడం ఏమవుతుందో తేల్చమని ఫైలు న్యాయ విభాగానికి పోయింది. అక్కడ ఇరవై రోజులుంది. జీతం తీసుకోకుండా లక్షల చోట్ల చేసేది ఉద్యోగం కాదు, సేవ అనిపించుకుంటుందని వాళ్లు దయదలిచారు.

ఈలోగా ట్రేస్ ఈవెంట్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. ఫారంలో చివరి అంకె ఒకటి, మూట మీద ఒకటి. అభ్యర్థి పేరు మార్చుకున్నాడని అప్పలసూరి గారు పట్టేసి, పత్రికా ప్రకటన ఇచ్చి అఫిడవిట్ తెమ్మన్నారు. వైద్య పరీక్షకు మూటలు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను జిల్లా ఆస్పత్రికి పంపితే అక్కడి డాక్టరు ముందు నవ్వి, తర్వాత ఫారం మీద ముద్ర చూసి నవ్వు మానేసి, 'ఛాతీ కొలత: వర్తించదు. మిగతా అంతా ఆరోగ్యమే' అని రాసి పంపాడు. ప్రభుత్వ ముద్రకు అంత మహిమ ఉంది.

శ్రావణం, భాద్రపదం గడిచాయి. ఈ రెండు నెలల్లో ఈదురుగాలి నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ హెచ్చరిక దాని వెనకాలే వెళ్లింది. దానయ్య ఇప్పుడు మెసేజ్‌ను నమ్మడం మానేసి ఆకాశం వంక చూసుకుంటున్నాడు. వదిన మాత్రం వారానికోసారి ఫోన్ చేసి, "మీ ఆఫీసులో అవుతాదా అమ్మా ఆ పని?" అని అడిగేది. అవుతుంది వదినా అని చెప్పి ఫోన్ పెట్టేశాక నూకరత్నానికి తన మీద తనకే అసహ్యం వేసేది.

చివరికి ఆశ్వయుజంలో ఏడుగురికీ నియామక పత్రాలు వచ్చాయి. ఉమాకాంతం గారికి ఈ కొత్తదనం ఎంత నచ్చిందంటే, ఘనంగా స్వాగత సభ పెట్టించారు. వేదిక మీద ఏడు కుర్చీలు వేసి, ఒక్కో కుర్చీకి ఒక్కో పేరు అతికించి, శాలువాలు కప్పారు.

"సాఫ్ట్‌వేర్‌ను కేవలం సాధనంగా చూసే సంకుచిత దృష్టికి మనం స్వస్తి పలుకుతున్నాం," అని ఆయన గంభీరంగా ప్రసంగించారు. "వారూ మన కుటుంబ సభ్యులే. వారి సంక్షేమం మన బాధ్యత."

ఆ సంక్షేమంలో భాగంగా ఏడుగురికీ వేలిముద్ర హాజరు పెట్టారు. వాళ్లకు వేళ్లు లేవు గనుక నూకరత్నం రోజూ ఉదయం తనది కాక ఏడుసార్లు బొటనవేలు నొక్కేది. లిబెల్ఫ్ రెండుసార్లు ఆలస్యంగా వచ్చినట్టు నమోదై మెమో కూడా అందుకున్నాడు.

ఏమైతేనేం, మూటలు సర్వరు గదిలోకి వచ్చాయి. నూకరత్నం తయారీ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. పెర్ఫ్ లేచి కూర్చుంది. ఒక ఉత్తుత్తి హెచ్చరికను, ఫోన్లకు పోకుండా సర్వరులోనే నడిపించి చూసింది. రెండు నెలల పాటు సముద్రం మీద మనుషుల్ని గాలికి వదిలేసి వెతికిన జవాబు తెర మీద పది వరుసల్లో వచ్చింది.

నలభై ఏడు నిమిషాల్లో నలభై ఐదు నిమిషాలు సర్వరు ఒక ఫొటో తెరిచి చూస్తోంది.

అది ఉమాకాంతం గారి ఫొటో. సంస్థ నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తరం మీదా మహాసంచాలకుల చిత్రం ఉండాలని పాత ఉత్తర్వు ఒకటుంది. సెల్‌ఫోన్ మెసేజ్‌లో ఫొటో పట్టదు. పట్టకపోయినా ఉత్తర్వు ఉత్తర్వే గనుక, మెసేజ్ సిద్ధం చేసే ముందు ఆ ఫొటోను ఒకసారి తెరిచి, ఉందని చూసుకుని మూసేలా అప్పట్లో ఎవరో రాసిపెట్టారు. ఒక్కో మెసేజ్‌కు ఒక్కోసారి. అంటే అరవై ఒక్క వేల దర్శనాలు. ఫొటో కూడా సామాన్యమైనది కాదు, కూడలిలో హోర్డింగుకని తీయించిన సైజు. మిగిలిన రెండు నిమిషాల్లోనే సర్వరు పాపం తన అసలు పనంతా చేసుకుంటోంది.

ఒక్క వరుస తీసేస్తే చాలు. నూకరత్నం నివేదిక రాసి, ఎంత మర్యాదగా చెప్పవచ్చో అంత మర్యాదగా చెప్పింది.

సమావేశం జరిగింది. ఉమాకాంతం గారు నివేదికను రెండుసార్లు చదివారు.

"అంటే, ఆలస్యానికి కారణం నేనంటారు?"

"మీరు కాదు సార్. మీ ఫొటో."

"నాకూ నా ఫొటోకూ గల భేదాన్ని ఈ సంస్థ ఏనాడూ పాటించలేదు." ఆయన అప్పలసూరి గారి వైపు తిరిగారు. "ఈ నివేదిక ఇచ్చిందెవరు?"

"పెర్ఫ్ అండి. మన కొత్త సిబ్బంది ఏడుగురూ కలిసి చేయించింది."

"వారింకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు కదా? ప్రొబేషన్‌లో ఉన్నవారు ఉన్నతాధికారి కదలికలను పరిశీలించి నివేదించడం ఏ నిబంధన కింద వస్తుంది?"

ఏ నిబంధన కిందా రాదని తేలింది. పెర్ఫ్ మీద క్రమశిక్షణ చర్య తీసుకుని సస్పెండ్ చేశారు. ఏడుగురికీ సంజాయిషీ నోటీసులు వెళ్లాయి. పదిహేను రోజుల్లో వాళ్లెవరూ సమాధానం ఇవ్వకపోవడాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా భావించి, దయతలచి హెచ్చరికతో వదిలేశారు. ఇక ఫొటో విషయమై, అది పాతబడినందువల్లే నెమ్మదించి ఉంటుందని అభిప్రాయపడి, ఇంకా పెద్ద కెమెరాతో కొత్తది తీయించారు. దాంతో మెసేజ్‌కు యాభై ఎనిమిది నిమిషాలు పట్టడం మొదలైంది. లాబీలో ఫలకం మార్చారు.

కార్తీకం మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రెండూ నలభైకి వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక వచ్చింది. మూడున్నరకల్లా గాలి లేస్తుందని ఉంది. నూకరత్నం గడియారం చూసింది. యాభై నిమిషాల వ్యవధి ఉంది. మెసేజ్‌కు యాభై ఎనిమిది కావాలి. ఫోన్ తీసి అన్నకు చేసింది. మోగుతున్నా ఎత్తలేదు. వదినకు చేస్తే, పొద్దున్నే వెళ్లారని, రేవులో పడవలన్నీ వెళ్లాయని చెప్పింది.

కింద అప్పలసూరి గారికి చెబుదామంటే ఆయన ఫైలు పెడతారు. పైన ఉమాకాంతం గారికి చెబుదామంటే ఆయన సంఘం వేస్తారు. నూకరత్నం ఇంకేమీ ఆలోచించలేదు. ప్రోగ్రాము తెరిచింది. ఫొటోను చూడమనే వరుసను తీసేసింది. మెసేజ్ వదిలింది. తెర వంక చూస్తూ కూర్చుంది.

రెండు నిమిషాల పది సెకన్లకు, అరవై ఒక్క వేల మెసేజులు వెళ్లాయని తెర మీద వచ్చింది.

మూడూ ఇరవై ఐదుకి అన్న ఫోన్. "మెసేజొచ్చిందే సెల్లీ. గాలి కంటే ముందొచ్చింది! ఎవలూ నమ్మనేదు. నా సెల్లి పంపింది, తిరగండ్రా అన్నాను. అందరం ఒచ్చీసినాం." నూకరత్నం ఏడ్చేసింది. ఎందుకేడుస్తున్నావే అని అటునుంచి అడుగుతుంటే ఇంకా ఏడ్చింది.

మర్నాడు పదిగంటలకు మెమో వచ్చింది. నిర్ణీత ప్రమాణ కాలం కంటే యాభై ఆరు నిమిషాలు ముందుగా సందేశం చేరవేసి సంస్థ క్రమశిక్షణకు భంగం కలిగించారనీ, మహాసంచాలకుల చిత్రాన్ని అనుమతి లేకుండా తొలగించారనీ అందులో ఉంది. ఫొటో వరుసను అప్పటికప్పుడు ఆమె చేతనే మళ్లీ పెట్టించారు. శిక్ష ఏం వేయాలా అని వెతుకుతుంటే అప్పలసూరి గారికి ఇంకో సంగతి కనబడింది. మంజూరైన కాంట్రాక్టు పోస్టులు ఇరవై. ఉన్నవాళ్లు పద్నాలుగు. కొత్తగా చేరినవాళ్లు ఏడుగురు. ఒకరు ఎక్కువ. అందరిలోనూ జూనియర్ ఎవరంటే నూకరత్నమే. ఆ మూటలన్నీ ఆమె బడిలో చదువుకునే రోజుల్లోనే పుట్టి పనిలో చేరినవి. సర్వీసు ప్రకారం వాళ్లే సీనియర్లు.

"ఇందులో నా చేతిలో ఏటీ లేదమ్మా," అన్నారు అప్పలసూరి గారు, విడుదల పత్రాలు ముందు పెడుతూ. ఆయన నిజంగానే బాధపడ్డారు. "రోస్టరు అలా వచ్చింది. నీ చార్జి సీనియరు లిబెల్ఫ్‌కి అప్పగించాలి. ఇక్కడ నువ్వు సంతకం పెట్టు. పక్కన, చార్జి తీసుకున్న ఉద్యోగి సంతకం."

నూకరత్నం తన చోట సంతకం పెట్టింది. పక్క గడి వంక చూసింది.

"ఇక్కడ నేను పెట్టెయ్యనా సార్, ఆయన బదులు? రోజూ వేలిముద్ర నేనే వేస్తున్నా కదా."

"హాజరు వేరు, చార్జి వేరు. ఇచ్చేవాళ్లే తీసుకున్నట్టు పెడితే ఆడిట్‌లో నా ఉద్యోగం పోతుంది. ఆయనే పెట్టాలి."

"ఆయన పెట్టకపోతే?"

"పెట్టేదాకా నువ్వు విడుదలైనట్టు కాదమ్మా. చార్జి నీదే. వదిలేసి వెళ్తే అనధికార గైర్హాజరు కింద చర్య తీసుకోవాల్సొస్తుంది. రోజూ రావాల్సిందే."

"మరి ఆయన ఎప్పుడు పెడతారో?"

"కొత్తగా వచ్చినవాళ్లు కదా," అన్నారు అప్పలసూరి గారు అమాయకంగా. "బాధ్యత తీసుకోవడానికి జంకుతారు. లిఖితపూర్వకంగా మూడు రిమైండర్లు పంపిద్దాం. తర్వాత చూద్దాం."

అది జరిగి పద్నాలుగు నెలలైంది. రిమైండర్లు పదకొండు వెళ్లాయి. లిబెల్ఫ్ గారు ఇంకా సంతకం పెట్టలేదు. నూకరత్నం సంస్థలో ఉద్యోగి కాదు, విడుదలైన మనిషీ కాదు; రోజూ తొమ్మిదిన్నరకు వచ్చి సర్వరు గదిలో కూర్చుంటుంది. ఫొటో ఉందో లేదో చూడటానికి రోజూ సాయంత్రం అయిదింటికి ఒక తనిఖీ అధికారి వస్తాడు. ఉంటుంది. ఉందని రాసుకుని వెళతాడు. అయిదింటికి తప్ప ఇంకెప్పుడూ చూడమని ఆయనకు ఉత్తర్వు లేదు.

నిన్న మధ్యాహ్నం మూడింటికి హెచ్చరిక వచ్చింది. నూకరత్నం ఆ వరుస తీసి, మెసేజ్ వదిలి, రెండు నిమిషాలయ్యాక మళ్లీ అక్కడే పెట్టింది. మూడూ యాభైకి సముద్రం మీద గాలి లేచింది. అక్కడ ఎవరూ లేరు.